బంతికి పాదం సరిగ్గా తగలాలంటే

ప్రశ్న:

సార్, నాకు 16 ఏళ్లు. రెండేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాను. మా జట్టులో రైట్ బ్యాక్ నేనే, అంటే కుడివైపు డిఫెండర్‌ని. పరుగు బాగానే ఉంటుంది, ఎదుటివాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కోవడమూ వచ్చు. బంతిని గట్టిగా కొట్టాల్సి వచ్చినప్పుడే తంటా. పదిసార్లు కొడితే మూడుసార్లు చక్కగా తగులుతుంది. మిగిలినవాటిలో ఒకటి వేళ్లకు తగిలి కుడివైపుకు తిరుగుతూ పోతుంది, ఇంకోటి ఊరికే గాల్లోకి లేస్తుంది, ఒక్కోసారి బొటనవేలు నేలకు కొట్టుకుని ప్రాణం పోయినంత పనవుతుంది. ఆ వేలి గోరు నల్లబడింది కూడా. కోచ్ గారు ‘లేసులతో కొట్టు, బంతి మీదే చూపు పెట్టు’ అంటారు. నేను అదే చేస్తున్నాననుకుంటున్నాను. నా పాదాలు తోటివాళ్ల కంటే పెద్దవి. దానివల్లే ఇలా అవుతోందా? ఇంకో ఆరు వారాల్లో సెలెక్షన్ ట్రయల్స్ ఉన్నాయి. ఇప్పుడు కొట్టే తీరు మార్చుకోవడం మంచిదేనా, లేక ఉన్నదాంతో సర్దుకుపోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, ముందు నీ పాదాల సంగతి చెప్పేస్తాను. పాదం పెద్దదిగా ఉండటం లోపం కాదు. బంతికి ఆనే చోటు కాస్త విశాలంగా ఉంటుంది, అది మంచిదే. వేళ్లు నేలకు తగిలే అవకాశం కొంచెం ఎక్కువన్న మాట నిజమే గానీ దానికీ మందుంది, తర్వాత చెబుతాను.

నీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చినవి మూడు గుర్తులు. బంతి వేళ్లకు తగలడం, కుడివైపుకు తిరుగుతూ పోవడం, అక్కర్లేకుండా పైకి లేవడం. వీటిని నువ్వు మూడు తప్పులుగా లెక్కేసుకుని ఉంటావు. కుడికాలితో కొట్టేవాళ్లలో ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను మొదట చూసేది ఎడమకాలిని. అది బంతికి దూరంగా, వెనకగా పడుతోందేమోనని. తన్నేది కుడికాలు కదా అని అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. మీ కోచ్ గారు చెప్పిన ‘లేసులతో కొట్టు’ అన్నది సరైన మాటే. అయితే ఎడమకాలు తప్పు చోట పడ్డాక లేసులతో కొట్టడం ఎవరివల్లా కాదు. నువ్వు ఆయన మాట వింటూనే ఉన్నావు, నీ కుడికాలికే వినే వీలు లేదు.

ఎందుకో అర్థం కావాలంటే పాదానికీ బంతికీ మధ్య జరిగే వ్యవహారం ఎంత చిన్నదో తెలియాలి. గట్టిగా కొట్టిన షాట్‌లో ఆ రెండూ కలిసి ఉండేది సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే సెకనులో నూరో వంతు. కనురెప్ప ఒకసారి మూసి తెరిచేలోపు అలాంటివి పది పైనే అయిపోతాయి. ఆ కాసేపట్లోనే బంతి పాదం మీద నొక్కుకుపోయి, చదునై, మళ్లీ ఉబ్బి, విడిపోయి ఎగిరిపోతుంది. పాదం సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తోందనుకుంటే ఆ నూరో వంతు సెకనులో అది బంతితో కలిసి ఇంచుమించు 15 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. మన కంటికో ఒంటికో ఒకటి తెలిసి, దానికి తగ్గట్టు కండరం కదలడానికే సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. కాబట్టి తగిలే క్షణంలో సరిచేసుకోవడమన్నది లేనే లేదు. పాదంలో ఏ చోటు తగలాలి, ఏ వాలులో తగలాలి, చీలమండ ఎంత బిగువుగా ఉండాలి అన్నవన్నీ ఎడమకాలు నేలమీద ఆనేసరికే దాదాపు ఖాయమైపోతాయి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నేను ఆడే రోజుల్లో మాకు శిక్షణ ఇచ్చినాయన షాట్ పాడైన ప్రతిసారీ ‘ఇంకా గట్టిగా కొట్టు’ అనేవారు. నేను ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి, బంతి ఇంకా ఎత్తుగా గోల్ పైనుంచి పోయేది. మూడేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు వాన వెలిశాక మైదానంలో ఒక్కణ్ణే కొడుతుంటే బురదలో నా ఎడమ షూ గుర్తులు కనిపించాయి. బంతి పెట్టిన చోటికి జానెడున్నర వెనకగా ఉన్నాయి. పదిహేను షాట్లు కొట్టి ఉంటాను, గుర్తులన్నీ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి. ఆ సాయంత్రం కాలు ముందుకు వేసి కొట్టాను. మొదటి మూడు ఎటో పోయాయి. నాలుగో షాట్ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్నాళ్లూ ఆ కాలి గురించి నాతో ఒక్కరూ ఒక్క మాట అనలేదే అన్న బాధ కూడా ఉంది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట నీ పాదం నిజంగా ఎక్కడ తగులుతోందో కళ్లతో చూడాలి. లేసులతోనే కొడుతున్నాననుకుంటున్నానని రాశావు. ఆ క్షణం అంత చిన్నది కాబట్టి ఒంటికి తెలిసేది అరకొరే, దాన్ని నమ్మకు. సుద్దముక్క మెత్తగా పొడిచేసి బంతికి నీవైపు ఉండే సగం మీద దట్టంగా పూయి. సుద్ద లేకపోతే ముఖానికి రాసుకునే పౌడరైనా సరే. షూ శుభ్రంగా తుడుచుకుని ఒక్క షాట్ కొట్టి, తెల్లమచ్చ ఎక్కడ పడిందో చూడు. తుడిచెయ్యి, మళ్లీ పూయి, మళ్లీ కొట్టు. కాగితం మీద షూ బొమ్మ గీసుకుని పది షాట్లకూ పది చుక్కలు పెట్టు. అరగంట పడుతుంది, విసుగొస్తుంది, అయినా ఈ అరగంట తప్పించుకోకు. చుక్కలన్నీ వేళ్ల దగ్గర గుమిగూడి ఉంటే ఎడమకాలు వెనకగా పడుతోంది. చిటికెన వేలి వైపు అంచున ఉంటే పక్కకు దూరంగా పడుతోంది. బంతి కుడికి తిరిగిపోవడానికి అదే కారణం, ఎందుకంటే నీ పాదం బంతి మధ్యను వదిలేసి దాని ఎడమ చెంపను గీసుకుంటూ పోతోంది. పాదం లోపలి అంచున, చీలమండ కింద మచ్చలు పడితే ఎడమకాలు బంతికి మరీ దగ్గరైందన్నమాట. ఇక చుక్కలు షూ అంతా చెదిరిపోయి ఉంటే కాలు ప్రతిసారీ ఒక్కో చోట పడుతోంది. అప్పుడు మొదట పరుగు తగ్గించుకోవాలి.

ఫోన్‌లో వీడియో తీసుకోవడం కూడా మంచిదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. మామూలు వీడియో సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది, ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య 33 మిల్లీసెకన్లు. బంతికి పాదం తగలడం మొత్తం ఆ సందులోనే అయిపోయి వీడియోలో అసలు కనిపించకపోవచ్చు. సెకనుకు 240 బొమ్మలు తీసే స్లో మోషన్‌లో రెండు మూడు బొమ్మలైనా దొరుకుతాయి. ఫోన్‌ను బంతి ఎత్తులో, పక్కనుంచి పెట్టించు. ఎడమపాదం బంతికి ఎంత వెనక పడుతోందో ఆ కోణంలోనే తెలుస్తుంది. గోల్ వెనక నిలబడి తీసిన వీడియో దీనికి పనికిరాదు.

ఇప్పుడు ‘లేసులు’ అన్న మాట దగ్గరకొద్దాం. షూ మీద లేసులు బారెడు చోటు ఆక్రమిస్తాయి. వాటిలో వేళ్ల దగ్గరివీ ఉన్నాయి, చీలమండ దగ్గరివీ ఉన్నాయి. షూ విప్పి కూర్చుని, బొటనవేలి మొదలు నుంచి చీలమండ వైపుకు పాదం పైన వేలితో నిమురుకుంటూ పో. సగం దాటాక, మధ్యగీతకు కొంచెం లోపలివైపు, గట్టిగా ఉబ్బెత్తుగా ఒక ఎముక తగులుతుంది. బంతికి ఆనాల్సింది అదే. పెన్నుతో అక్కడ ఒక గుర్తు పెట్టుకుని షూ వేసుకుని, ఆ గుర్తు ఏ లేసు కిందకు వచ్చిందో చూసుకో. ఇకనుంచి నీకు లేసులంటే ఆ ఒక్క లేసే.

అక్కడే ఎందుకంటే, తలుపును చివర అంచు దగ్గర తోస్తే ఒక్క వేలితో కదులుతుంది. కీలు దగ్గర తోస్తే ఒళ్లంతా పెట్టాలి. చీలమండా ఒక కీలే. బంతి వేళ్ల దగ్గర తగిలితే అది తలుపు అంచును తోసినట్టు పాదాన్ని కిందికి మడిచేస్తుంది, నీ కాలి వేగంలో కొంత ఆ మడతకే ఖర్చయిపోతుంది. చీలమండకు దగ్గరగా, ఆ గట్టి ఎముక మీద తగిలితే పాదం మడత పడదు, వేగమంతా బంతికి చేరుతుంది. నువ్వు చెప్పిన ఆ మూడు మంచి షాట్లలో జరిగింది ఇదే. అందుకే అవి పెద్దగా బలం పెట్టకుండానే దూరం పోయినట్టు అనిపించి ఉంటాయి.

చీలమండ బిగువు కూడా ఇందులో భాగమే. ‘కాలు బిగించు’ అంటే చాలామంది తొడ, నడుము, భుజాలు, చివరికి దవడ కూడా బిగించేస్తారు. బిగుసుకున్న తొడ వేగంగా ఊగదు. తుంటి, మోకాలు వదులుగా ఉండాలి, చీలమండ ఒక్కటే గట్టిగా ఉండాలి. దీన్ని కుర్చీలో కూర్చునే నేర్చుకోవచ్చు. పాదాన్ని కిందికి చాచి, వేళ్లను షూ లోపల నేలను పట్టుకున్నట్టు ముడిచి ఉంచు. నీ స్నేహితురాలిని పాదం పైన అరచేత్తో నొక్కమను. పాదం ఊగకుండా నిలిస్తే బిగువు సరిపోయింది. అదే సమయంలో తొడను నీ చేత్తో కదిపి చూసుకో, అది మెత్తగా ఊగాలి. రెండూ ఒకేసారి రావడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు.

అసలు సంగతికి వస్తున్నాను. ఎడమకాలు ఎక్కడ పడాలి? కదలకుండా ఉన్న బంతిని తక్కువ ఎత్తులో గట్టిగా కొట్టాలనుకుంటే, బంతి అంచుకూ ఎడమ షూ లోపలి అంచుకూ మధ్య బెత్తెడు కంటే ఎక్కువ, జానెడు కంటే తక్కువ చోటు ఉండాలి. పాదం మధ్యభాగం బంతి మధ్యకు సమంగా గానీ, రెండు మూడు వేళ్ల మందం వెనకగా గానీ ఉండాలి. షూ ముందుభాగం బంతి వెళ్లాల్సిన దిక్కుకు చూడాలి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కర్రలా బిగుసుకున్న కాలి మీద నిలబడితే ఒళ్లు వెనక్కి పడిపోతుంది.

ఇది మొదలుపెట్టడానికి ఇచ్చిన కొలత మాత్రమే. ఎవరి తుంటి వెడల్పు, ఎవరి కాలి పొడుగు వాళ్లవి. నీ కొలత నువ్వే కనుక్కోవాలి, దానికి నేను నేర్పే పద్ధతి ఇది. కొట్టడం మానేసి చివరి భంగిమ నుంచి వెనక్కి లెక్కపెట్టు. బంతి వెనక నిలబడి, కుడి చీలమండ బిగించి, ఇందాక గుర్తు పెట్టుకున్న ఎముకను బంతి మధ్యకు ఆనించు. వేళ్లు నేలకు తగలకూడదు. ఆ భంగిమలో ఒంటికాలి మీద తూలకుండా నాలుగైదు సెకన్లు నిలబడగలిగేలా ఎడమకాలిని అటూ ఇటూ జరుపుకో. ఎక్కడ హాయిగా కుదిరిందో అక్కడ ఎడమ షూ చుట్టూ సుద్దతో గీత గియ్యి. అదే నీ చోటు. ఇప్పుడు ఒక పెద్ద అడుగు వెనక్కి వెళ్లి, బంతిని తాకకుండా, ఆ గీతలో ఎడమకాలు పడేలా అడుగు వేసి ఆగు. ఇరవైసార్లు వెయ్యి. పాదం గీతలో పడటం అలవాటయ్యాకే కొట్టడం మొదలుపెట్టు. మొదటి రోజు అసలు షాట్ కొట్టకపోయినా నష్టం లేదు.

పరుగెత్తి వచ్చినప్పుడు ఆ కాలు వెనకగా పడటానికి సాధారణంగా చివరి అడుగు పొట్టిదవడమే కారణం. బంతి దగ్గరకొచ్చేసరికి ఎక్కడ కొట్టాలా అని అనుమానం పుట్టి, చిన్న చిన్న అడుగులు పడతాయి. నిజానికి చివరి అడుగు అన్నింటికంటే పెద్దదిగా ఉండాలి. అప్పుడే కుడి తుంటి వెనక్కి వెళ్లి, కాలికి ఊగే చోటు దొరుకుతుంది. నీ విషయంలో ఇంకో అనుమానం కూడా ఉంది. వేలు నేలకు కొట్టుకుని గోరు నల్లబడిందన్నావు. ఒకసారి అలా దెబ్బ తగిలాక ఒళ్లు తనకు తెలియకుండానే వెనక్కి లాక్కుంటుంది. కాలు బంతికి దూరంగా ఆగిపోతుంది, అందుకోవడానికి వేళ్లు చాస్తాం, మళ్లీ వేలికే తగులుతుంది. కాబట్టి ఆ నొప్పి పూర్తిగా తగ్గేదాకా గట్టి షాట్లు వద్దు. గీతలో అడుగు వేయడం, గోడకేసి పాదం లోపలివైపుతో నెమ్మదిగా పాస్ కొట్టడం చాలు. గోరు కింద సలుపు పోటు పెడుతుంటే, వాపు ఉంటే డాక్టర్‌కు చూపించు, సొంతంగా గుచ్చకు.

షూ కూడా ఒకసారి చూసుకో. నిలబడినప్పుడు బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి, కానీ మడమ లోపల పైకీ కిందికీ జారకూడదు. వదులు షూలో పాదం ముందుకు జారి ప్రతి షాట్‌కూ గోరు షూ ముందుగోడకు కొట్టుకుంటుంది. పెద్ద పాదాలని ఇంకాస్త పెద్ద సైజు తీసుకుని ఉంటే గోరు నల్లబడటానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకో.

ఇక వేళ్లు నేలకు తగలకుండా ఉండే మార్గం. బంతి వెనక నుంచి తిన్నగా పరుగెత్తి వస్తే పాదం నిలువుగా కిందికి చాచాల్సి వస్తుంది. పొడుగు పాదానికి అక్కడ చోటు చాలదు, నేల అడ్డొస్తుంది. ఎడమవైపు నుంచి కొంచెం ఏటవాలుగా రా. 30 నుంచి 45 డిగ్రీల కోణం చాలామందికి కుదురుతుంది. వచ్చి, ఎడమకాలి మీదకు ఒళ్లు కాస్త ఎడమవైపుకు వాలనివ్వు. అలా వాలినప్పుడు కుడి తుంటి పైకి లేస్తుంది, కాలికి నేల మీద చోటు దొరుకుతుంది, పాదం కొద్దిగా పక్కకు తిరిగి ఏటవాలుగా బంతి వెనక్కి దిగుతుంది. గట్టి షాట్ కొడుతున్న మంచి ఆటగాళ్ల ఫొటోలు ఏవి చూసినా ఒళ్లు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తుంది. అది అందం కోసం చేసింది కాదు, పాదానికి దారి ఇవ్వడానికి.

బంతి ఊరికే లేచిపోవడం గురించి వేరే చెప్పాల్సింది తక్కువ. పెద్దవాళ్లు ఆడే 5వ సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే దాని మధ్యబిందువు నేల నుంచి 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దానికి కింద తగిలితే లేస్తుంది, సరిగ్గా అక్కడే తగిలితే తక్కువ ఎత్తులో పోతుంది. ఎడమకాలు వెనకపడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, పాదం అప్పటికే పైకి లేస్తూ బంతిని కిందినుంచి తవ్వుతుంది. ‘ముందుకు వంగు’ అని చాలామంది చెబుతారు. నడుము వంచితే కాలు పొట్టిదైపోతుంది తప్ప లాభం లేదు. ఎడమకాలు సరైన చోట పడితే కుడి మోకాలు తనంత తానే బంతి పైకి వస్తుంది. కొట్టాక కుడికాలు ముందుకు పోయి, దాని మీదే దిగాలి. వెనక్కి తూలి ఎడమకాలి మీదే ఉండిపోయావంటే బరువు బంతిలోకి వెళ్లలేదని గుర్తు.

చూపు సంగతి. ‘బంతి మీద చూపు’ అంటే బంతి మొత్తం అనుకుంటాం. అంత పెద్ద బంతిలో ఏ చోటు? గాలి ఎక్కించే వాల్వ్ నీవైపు, మధ్య ఎత్తులో ఉండేలా బంతిని పెట్టుకో. ఆ చుక్కను చూడు. బంతి వెళ్లిపోయాక కూడా అది ఉన్న చోటు గడ్డి కనిపించేదాకా తల ఎత్తకు. గోల్ ఎక్కడుందో పరుగు మొదలుపెట్టక ముందే చూసుకున్నావు, అది ఎక్కడికీ పోదు.

బంతిలో గాలి కూడా పట్టించుకో. నిబంధన ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు, పంపు మీటరు లెక్కలో 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. రాయిలా గట్టిగా ఉన్న బంతితో సాధన చేస్తే పాదం నొప్పి పుట్టి భయం పెరుగుతుంది, గాలి తగ్గిన బంతి ఎలా కొట్టినా ఒకేలా చప్పగా పోతుంది. మధ్యలో ఉంచుకో.

వేళ్లతో కొట్టడం పాపమేమీ కాదని కూడా చెప్పాలి. 2002 ప్రపంచకప్ సెమీఫైనల్లో టర్కీ మీద బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో కొట్టిన ఏకైక గోల్ వేలి కొసతో పొడిచినదే. చుట్టూ మనుషులున్నారు, కాలు వెనక్కి ఊపే సమయం లేదు, అందుకే వేలితో పొడిచాడు. 1997 జూన్ 3న లియాన్‌లో ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఆటగాడే అయిన రొబెర్టో కార్లోస్ సుమారు 35 మీటర్ల నుంచి కొట్టిన ఫ్రీ కిక్ ఎడమపాదం బయటి అంచుతో కొట్టింది. బంతి అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్ల గోడకు బయటగా పోయి, మళ్లీ లోపలికి వంగి, పోస్ట్‌ను రాసుకుంటూ గోల్లో పడింది. నీ బంతి కుడికి తిరిగిపోవడమూ, ఆ బంతి తిరగడమూ ఒకే సూత్రం, మధ్యను తప్పి తగిలితే బంతి గిరగిరా తిరుగుతుంది, తిరిగే బంతి గాల్లో వంగుతుంది. ఆయన ఆ చోటును కావాలని ఎంచుకున్నాడు. నువ్వు ముందు మధ్యలో కొట్టడం నేర్చుకుంటే తర్వాత మధ్యను ఎంత తప్పించాలో నీ చేతుల్లో ఉంటుంది.

ట్రయల్స్‌కు ఆరు వారాలు చాలు, మార్చుకో. మొదటి రెండు వారాలు పరుగు వద్దు. వారానికి నాలుగు రోజులు, గోడకు ఐదారు మీటర్ల దూరంలో, ఒక్క అడుగు వేసి సగం బలంతో కొట్టు. రోజుకు నలభై, యాభై షాట్లకు మించొద్దు, అలసిన కాలు పాత అలవాటుకే పోతుంది. ప్రతి షాట్ తర్వాత ఎడమపాదాన్ని అక్కడే ఉంచి అది గీతలో ఉందా అని కిందికి చూసుకో. మధ్యమధ్యలో బంతిని రెండు చేతులతో పట్టుకుని వదిలి, నేలకు పడకముందే పాదం పైభాగంతో తట్టి మళ్లీ చేతుల్లోకి తెచ్చుకో. బంతి చుట్టూ మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచితే, పైకి లేచినప్పుడు ఆ గీత తిరగకుండా నిలిచిందా అన్నది చూడొచ్చు. తిరగలేదంటే మధ్యలో తగిలింది. నాకు అన్ని సాధనల్లోకీ ఇది ఇష్టం, ఎందుకంటే ఇక్కడ వేళ్లు తగలడానికి నేల భయం లేదు, పాదానికి బంతి రుచి తెలుస్తుంది.

మూడు, నాలుగు వారాల్లో మూడు అడుగుల పరుగు, 15, 20 మీటర్ల దూరం. మంచి షాట్ చప్పుడు నీకు తెలుసు, చెవిని కూడా వాడుకో. వరసగా మూడు పాడైతే బలం పెంచకు, మళ్లీ ఒక్క అడుగుకు వచ్చెయ్యి.

ఐదో వారం నుంచి కదిలే బంతి. రైట్ బ్యాక్‌వి కాబట్టి నీకు ఎక్కువగా కావాల్సింది ఇదే. మైదానం పక్క గీత వెంబడి పరుగెత్తుతూ ముందుకు దొర్లుతున్న బంతిని క్రాస్ కొట్టాలి, అంటే పక్కనుంచి గోల్ ముందుకు పంపాలి. నీ ఎడమకాలు ఆనిన క్షణానికీ కుడికాలు తగిలే క్షణానికీ మధ్య బంతి ఇంకొంచెం ముందుకు పోతుంది. కాబట్టి ఎడమకాలు బంతి ఇప్పుడున్న చోటికి కాక, అది చేరబోయే చోటికి పక్కన పడాలి, అంటే బంతి కంటే కొంచెం ముందుకు. నీవైపుకు వచ్చే బంతికి దీనికి ఎదురు, కాలు కాస్త ముందుగా, బంతి ఇంకా దూరంగా ఉండగానే పడాలి. చాలామందికి నిలిచిన బంతి బాగా తగిలి, మ్యాచ్‌లో తగలకపోవడానికి ఈ ఒక్క లెక్క తప్పడమే కారణం. క్రాస్‌కు ముందు తోసే చివరి టచ్‌ను ఒకటి రెండు మీటర్లు, కాస్త మైదానం లోపలివైపుకు తొయ్యి. గీతకు అంటుకున్న బంతికి ఏటవాలుగా వచ్చే చోటే ఉండదు. క్రాస్‌కు పాదం మొత్తం పైభాగం అక్కర్లేదు, బొటనవేలి మొదలున్న ఎముక నుంచి చీలమండ వైపుకు పోయే లోపలి వంపుతో, బంతి మధ్యకు కొంచెం కింద కొట్టు. ఎడమకాలు అప్పుడు ఇంకాస్త వెనకగా పడినా పరవాలేదు, బంతి లేవాలి కదా.

ఎడమకాలితో కొట్టడం కూడా రోజూ పది షాట్లు కలుపుకో. ఆ పదీ వేసేటప్పుడు కుడికాలు నిలబడే కాలవుతుంది. నిలబడటం అంటే ఏమిటో రెండు కాళ్లకూ తెలుస్తుంది.

ట్రయల్స్‌కు ముందు మూడు రోజులు తేలిగ్గా పాస్‌లు కొట్టుకో, గట్టి షాట్లు వద్దు. ఆ రోజు మైదానంలో చీలమండ, కోణం, కొలత ఇవేవీ తలచుకోకు. గుర్తుంచుకోవాలంటే ఒక్కటే మాట పెట్టుకో, ‘పక్కన అడుగు’. మిగతాది ఆరు వారాల్లో కాళ్లకు వచ్చేసి ఉంటుంది. ఒకటి రెండు పాడైతే కంగారు పడొద్దు, ట్రయల్స్‌లో చూసేవాళ్లకు ఆ సంగతి తెలుసు, పాడైన షాట్ తర్వాత నువ్వు వెనక్కి ఎంత త్వరగా పరుగెత్తావో కూడా వాళ్లు చూస్తారు. రైట్ బ్యాక్‌కు అది తక్కువ విషయం కాదు.

ఐదో వారం చివర మళ్లీ సుద్ద పూసి పది షాట్లు కొట్టి, కొత్త కాగితం మీద చుక్కలు పెట్టు. మొదటి కాగితం పక్కన పెట్టుకుని చూసుకో. రెండూ ఫొటో తీసి నాకు పంపించమ్మా, చుక్కలు ఎక్కడికి చేరాయో చూసి తర్వాత ఏం చేయాలో రాస్తాను.